ట్రెంట్‌ను ఆన్‌ఫీల్డ్‌లో అలా బూ చేయడం న్యాయమేనా? క్లబ్ వదిలి వెళ్ళినవాళ్ళను మనం ఎలా గుర్తుపెట్టుకుంటాం?

కర్నూలు కాప్

2025 నవంబర్ 5, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకు మొదలైన మ్యాచ్ చూసి, నిద్ర పట్టక ఈ థ్రెడ్ తెరుస్తున్నాను. రియల్ మాడ్రిడ్ మీద మన లివర్‌పూల్ 1–0తో గెలిచింది. సోబోస్లాయ్ ఫ్రీకిక్‌కి మెక్ అలిస్టర్ తల తగిలించాడు. మాడ్రిడ్ గోలీ కోర్ట్వా అడ్డుపడకపోతే ఇంకో రెండు మూడు పడేవి. ఆ సంతోషం సంతోషమే. కానీ చివరి పది నిమిషాలకు మనల్ని వదిలి మాడ్రిడ్‌కి వెళ్ళిన ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ వాళ్ళ సబ్‌స్టిట్యూట్‌గా దిగినప్పుడు మన స్టేడియం ఆన్‌ఫీల్డ్ చేసిన గోల ఇంకా చెవుల్లోనే ఉంది. బంతి తగిలిన ప్రతిసారీ బూ. గ్రౌండ్ దగ్గర గోడ మీదున్న అతని బొమ్మను కూడా పాడుచేశారట.

నాకు 2019 మే గుర్తొస్తోంది. బార్సిలోనాతో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ రెండో లెగ్, అంటే రెండు మ్యాచ్‌లలో రెండోది. మొదటి లెగ్ 0–3తో పోయింది, ఇక్కడ 3–0 చేశాం. 79వ నిమిషం, కుడివైపు కార్నర్. బాల్ బాయ్ బంతిని వెంటనే అందించాడు. ట్రెంట్ బంతి పెట్టి, షాకిరి కొడతాడులే అన్నట్టు రెండడుగులు పక్కకు నడిచాడు. బార్సా డిఫెండర్లు ఇంకా ఎవరిని పట్టుకోవాలో చూసుకుంటున్నారు, ఒక్కరూ బంతి వైపు చూడట్లేదు. గబుక్కున వెనక్కి తిరిగి నేల బారుగా కొట్టాడు. ఒరిగి ఒక్కడే ఉన్నాడు, గోల్. అప్పటికి ట్రెంట్ వయసు ఇరవై. ఆ కార్నర్ లేకపోతే మాడ్రిడ్‌లో ఆ ఫైనల్ లేదు, ఆ కప్పూ లేదు.

ఆరేళ్ళ వయసులో అకాడమీలో చేరినవాడు. 354 మ్యాచ్‌లు ఆడాడు. రెండు లీగ్‌లు, ఒక చాంపియన్స్ లీగ్ గెలిచాడు. ఇంతా చేసినవాడికి దక్కేది ఇదేనా? నా మాట చెప్పేస్తాను: కోపం నాకూ ఉంది, బూ మాత్రం నా నోటి నుంచి రాదు. మీరేమంటారు?

గుంటూరు మాడ్రిడిస్టా

నేను అవతలి జట్టువాడినే కాబట్టి నా మాట మీకు చేదుగా ఉంటుంది. కాంట్రాక్ట్ 2025 జూన్ 30 వరకు. దాన్ని పూర్తిగా గౌరవించాడు. 1995లో బోస్మన్ తీర్పు వచ్చాక కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాడు తనకు నచ్చిన చోటికి వెళ్ళొచ్చు. అది అతని హక్కు. మనలో ఎంతమంది జీతం పెరుగుతుందని కంపెనీ మారలేదు? పైగా క్లబ్ వరల్డ్ కప్‌కి ముందే రావాలని మాడ్రిడ్ దాదాపు కోటి యూరోలు కట్టింది. ఆ డబ్బు మీ క్లబ్‌కే కదా వచ్చింది.

మెర్సీసైడ్ మాధవి

గుంటూరు గారూ, కంపెనీ మారడంతో పోలిక ఇక్కడ నిలబడదు. నేను లివర్‌పూల్ ఊళ్ళోనే చాలాకాలంగా ఉంటున్నాను. నా ఆసుపత్రి వార్డులో పనిచేసేవాళ్ళలో సగం మందికి తాతల నాటి సీజన్ టికెట్లు ఉన్నాయి. వాళ్ళతో మాట్లాడితే డబ్బు ప్రస్తావనే రాదు. వాళ్ళ బాధ రెండు విషయాల మీద.

మొదటిది, అతను వెస్ట్ డెర్బీ కుర్రాడు. లివర్‌పూల్ వీధుల్లో పెరిగినవాడు. జెరార్డ్ తర్వాత మనవాడు అని చెప్పుకోవడానికి ఇతనే ఉన్నాడు. వైస్ కెప్టెన్. ఈ క్లబ్‌కి కెప్టెన్ కావాలన్నది తన కల అని తానే చెప్పాడు. ఎవరూ బలవంతంగా చెప్పించిన మాట కాదది.

రెండోది, ఏడాది పొడవునా మౌనంగా ఉండటం. సలా, వాన్ డైక్ ఇద్దరూ ఏప్రిల్‌లో కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేశారు. ఇతను మాత్రం లీగ్ చేతికొచ్చాక మే 5న వెళ్తున్నానని వీడియో పెట్టాడు. మే 11న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో సబ్‌గా దిగితే మొదటిసారి బూ వినిపించింది. ఇక్కడివాళ్ళు నిన్న చేసిన గోలకి బీజం అక్కడే పడింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మే 25న క్రిస్టల్ ప్యాలెస్‌తో చివరి మ్యాచ్, కప్పు అందుకునే రోజు. సెకండాఫ్‌లో దిగాడు. ఆ రోజు స్టేడియం చప్పట్లు కొట్టింది. పాట పాడింది. రెండు వారాల్లో అదే జనం, అదే ఆటగాడు. ఆన్‌ఫీల్డ్ అంతా ఒకే మాట మీద ఉందనుకోవడం పొరపాటు.

పసుపు గోడ

డార్ట్‌మండ్ అభిమానిగా నాకు ఈ చర్చ కొత్త కాదు. డబ్బు విషయం తేల్చడానికి మా దగ్గర సరైన ఉదాహరణ ఉంది.

మారియో గోట్సె. చిన్నప్పటి నుంచి మా అకాడమీలో పెరిగాడు. 2013 ఏప్రిల్ 23న మా ప్రత్యర్థి బయర్న్ మ్యూనిక్‌కి వెళ్తున్నాడని వార్త బయటికొచ్చింది. మరుసటి రోజు రాత్రే రియల్ మాడ్రిడ్‌తో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్! బయర్న్ కట్టింది 3 కోట్ల 70 లక్షల యూరోలు. క్లబ్ ఖజానాకి ఏ లోటూ రాలేదు.

రాబర్ట్ లెవాండోవ్‌స్కీ. అదే సెమీఫైనల్లో నాలుగు గోల్స్ కొట్టినవాడు. 2014లో కాంట్రాక్ట్ ముగించుకుని అదే బయర్న్‌కి ఉచితంగా వెళ్ళిపోయాడు. మాకు ఒక్క యూరో రాలేదు.

లెక్క ప్రకారం ఎవరి మీద కోపం రావాలి? లెవాండోవ్‌స్కీ మీద. కానీ చివరి హోమ్ మ్యాచ్‌కి లెవాండోవ్‌స్కీ కన్నీళ్ళు పెట్టుకుంటే స్టేడియమంతా అతని పేరు పాడింది. గోట్సె 2013 నవంబర్‌లో బయర్న్ చొక్కాతో మా గ్రౌండ్‌కి వచ్చినప్పుడు మాత్రం చెవులు చిల్లులు పడేలా ఈలలు. ఆ రోజు సబ్‌గా దిగి మా మీద మొదటి గోల్ కొట్టాడు. చేతులు పైకెత్తి సంబరం వద్దన్నాడు, అయినా ఎవరూ కరగలేదు.

తేడా ఏమిటంటే, అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేస్తే వీధి చివరి దాకా వెళ్ళి సాగనంపుతాం. ఇంట్లో పుట్టిన కొడుకు ఎదురింట్లో వేరు కాపురం పెడితే మాత్రం కొన్నేళ్ళు మాటలుండవు. లెవాండోవ్‌స్కీ వెళ్తాడని మాకు ముందే తెలుసు. 2014 జనవరిలో అందరి ముందు చెప్పి, మే దాకా గోల్స్ కొట్టాడు. గోట్సె విషయం మాత్రం ముఖ్యమైన మ్యాచ్‌కి ముందు రోజు ఎవరో చెబితే తెలిసింది.

గుంటూరు మాడ్రిడిస్టా

ఒప్పుకుంటాను, ఆ పోలిక బాగుంది. కానీ గోట్సె 2016లో తిరిగి డార్ట్‌మండ్‌కే వచ్చాడు కదా. అప్పుడు ఏం చేశారు?

పసుపు గోడ

మొదట్లో మూతి ముడుచుకున్నవాళ్ళు చాలామందే. తర్వాత అనారోగ్యంతో కొన్ని నెలలు ఆటకు దూరమయ్యాడు, అప్పుడు జనం మెత్తబడ్డారు. ఇప్పుడు ఎవరూ తిట్టరు. కానీ 2011, 2012 లీగ్ గెలిచిన జట్టు గురించి మాట్లాడుకునేటప్పుడు అతని పేరు ఆఖర్న వస్తుంది. అది నిజం.

పాతకాలం కాల్షియో

మీరంతా ఇంగ్లండ్, జర్మనీ గురించే మాట్లాడుతున్నారు. ఈ విషయంలో ఇటలీని పక్కన పెడితే ఎలా?

1990 మే నెలలో ఫ్లోరెన్స్ క్లబ్ ఫియొరెంటీనా తన రాబర్టో బాజోను యువెంటస్‌కి అమ్మింది. అప్పటికి ప్రపంచంలోనే అత్యధిక ధర. ఫ్లోరెన్స్ వీధుల్లో అల్లర్లు జరిగాయి, పదులకొద్దీ మంది గాయపడ్డారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. జనం కోపం క్లబ్ ఓనర్ల మీద పడింది, బాజో మీద కాదు. ఒప్పుకోక తప్పలేదని అతనే చెప్పాడు.

1991 ఏప్రిల్ 6న యువెంటస్ చొక్కాలో ఫ్లోరెన్స్‌కి వచ్చాడు. ఫియొరెంటీనా 1–0తో ముందుంది. యువెంటస్‌కి పెనాల్టీ దొరికింది. మామూలుగా కొట్టాల్సింది బాజో. కొట్టనన్నాడు. డె అగోస్తీని కొడితే గోలీ ఆపేశాడు. తర్వాత కోచ్ బాజోను బయటికి పిలిచాడు. అతను నడిచి వెళ్తుంటే గ్యాలరీ నుంచి ఒక ఊదారంగు మఫ్లర్ వచ్చి పడింది, ఫియొరెంటీనా రంగు. వంగి దాన్ని చేతిలోకి తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఫ్లోరెన్స్‌లో ఇప్పటికీ ఆ మఫ్లర్ గురించి చెప్పుకుంటారు. యువెంటస్ అభిమానులకు మాత్రం అది చాలాకాలం గుచ్చుకుంది.

పదేళ్ళ తర్వాత బాటిస్టూటా. ఫియొరెంటీనా కింది డివిజన్‌కి పడిపోయినా వదలకుండా ఉన్నవాడు. 2000లో రోమాకి వెళ్ళాడు. ఆ నవంబర్లో ఫియొరెంటీనా మీదే గోల్ కొట్టాల్సి వచ్చింది. కొట్టాడు. సహచరులు వచ్చి మీద పడుతుంటే ఏడ్చాడు. ఫ్లోరెన్స్ జనం అతన్ని ఒక్క మాట అనలేదు. ముప్పై దాటినవాడు లీగ్ టైటిల్ కోసం వెళ్ళాడని వాళ్ళకు అర్థమైంది. ఆ సీజన్ టైటిల్ రోమాదే.

ట్రెంట్ విషయంలో తేడా ఇక్కడే కనిపిస్తుంది నాకు. ట్రోఫీ లేక వెళ్ళాడా అంటే, చేతిలో లీగ్ కప్పు పట్టుకునే వెళ్ళాడు. అభిమానికి ఒక కారణం కావాలి. తను తన మనసుకి చెప్పుకోగలిగే కారణం. బాజో ఇచ్చాడు, బాటిస్టూటా ఇచ్చాడు.

కర్నూలు కాప్

కారణం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. కొత్త దేశం, కొత్త ఆట, ఇరవై ఏళ్ళుగా ఒకే ఊళ్ళో ఉన్నవాడికి మార్పు కావాలనిపించడం, ఇవి కారణాలు కావా? మన జబీ అలోన్సో 2009లో ఇదే మాడ్రిడ్‌కి వెళ్ళాడు. ఎవరైనా ఒక్క మాటన్నారా? నిన్న మాడ్రిడ్ కోచ్‌గా వచ్చినా అతనికి మర్యాదే దక్కింది.

మెర్సీసైడ్ మాధవి

అలోన్సోను అంతకు ముందు ఏడాది గారెత్ బారీ అనే ఆటగాణ్ణి కొనడం కోసం అమ్మేయాలని చూసింది క్లబ్బే. అది జనానికి తెలుసు. మక్‌మనామన్‌ది కూడా అంతే. అతనూ ఈ ఊరివాడే, 1999లో ఉచితంగా మాడ్రిడ్‌కే వెళ్ళాడు. అచ్చం ట్రెంట్ దారే. అయితే 1997లోనే లివర్‌పూల్ అతన్ని బార్సిలోనాకి అమ్మడానికి ఒప్పుకుంది. బేరం కుదరక బార్సా రివాల్డోను తీసుకుంది. "మీరు నన్ను అమ్మబోయారు కదా" అనే హక్కు అతనికి ఉంది. మాడ్రిడ్‌లో రెండు చాంపియన్స్ లీగ్‌లు గెలిచి, 2000 ఫైనల్లో గోల్ కూడా కొట్టాడు. ఇప్పుడు టీవీలో మన మ్యాచ్‌లకి కామెంటరీ చెబుతుంటే ఎవరికీ అభ్యంతరం లేదు.

వైజాగ్ బార్సా

మా బార్సా వదిలి మాడ్రిడ్‌కి వెళ్ళిన ఫిగో పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదంటే ఆశ్చర్యంగా ఉంది.

2000 జూలై. ఫ్లోరెంటినో పెరెజ్ మాడ్రిడ్ అధ్యక్ష ఎన్నికల్లో ఫిగోను తెస్తానని, తేలేకపోతే సభ్యుల సీజన్ టికెట్ల డబ్బు తానే కడతానని మాటిచ్చాడు. గెలిచాడు. దాదాపు 6 కోట్ల యూరోలకు, అప్పటి ప్రపంచ రికార్డు ధరకు, తెచ్చాడు. ఆ అక్టోబర్‌లో మా స్టేడియం కాంప్ నౌకి వస్తే, ఎప్పుడూ కార్నర్లు కొట్టే ఫిగో ఆ రోజు కార్నర్ దగ్గరికే వెళ్ళలేదు. 2002 నవంబర్‌లో వెళ్ళాడు. సీసాలు, లైటర్లు, చివరికి పంది తలకాయ. రిఫరీ ఆట ఆపాల్సి వచ్చింది. ఆ తలకాయ ఫొటో ఇప్పటికీ ప్రతి ఎల్ క్లాసికో (బార్సా–మాడ్రిడ్ మ్యాచ్) ముందు తిరుగుతుంది.

అదే దారిలో మైకేల్ లాడ్రప్ 1994లో వెళ్ళాడు. 1994 జనవరిలో బార్సా మాడ్రిడ్‌ను 5–0తో కొట్టినప్పుడు బార్సాలో ఉన్నాడు. 1995 జనవరిలో మాడ్రిడ్ బార్సాను 5–0తో కొట్టినప్పుడు మాడ్రిడ్‌లో ఉన్నాడు! ఈలలు అతనికీ పడ్డాయి. కానీ పంది తలకాయ పడలేదు. ఎందుకంటే 1994 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి మా కోచ్ క్రైఫ్ అతన్ని జట్టులోకే తీసుకోలేదు. మిలాన్ చేతిలో 4–0తో చిత్తయ్యాం. లాడ్రప్ ఎందుకు వెళ్ళాడో మా అందరికీ తెలుసు. ఫిగో మాత్రం జట్టులో అందరికన్నా ఇష్టమైనవాడు. మేం అతన్ని బయటికి నెట్టలేదు. అందుకే అంత మంట.

కానీ నా మాటగా చెబుతున్నాను: మనిషి మీదికి వస్తువు విసరడాన్ని ప్రేమ పేరుతో సమర్థించొద్దు. బూ వరకూ సరే. సీసా దాకా వెళ్తే వాడు అభిమాని కాదు.

ఖరగ్‌పూర్ తెలుగు

పెద్దలు చెప్పుకునే కథలతో పెరిగినవాణ్ణి. మా నాన్న రైల్వే, ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, బయట బెంగాలీ, వీధి నిండా ఫుట్‌బాల్. మీరు యూరప్ గురించి ఇంత రాస్తున్నారు కానీ ఈ విషయంలో మన హైదరాబాద్‌వాడి కథ వినండి.

మహమ్మద్ హబీబ్. హైదరాబాద్‌లో పుట్టి 1960లలో కలకత్తా వచ్చాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మళ్ళీ ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్, మళ్ళీ మోహన్ బగాన్. కలకత్తాలో ఈ మూడు చొక్కాలు వేసుకోవడమంటే మాటలు కాదు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మధ్య పోరు వీధులను చీల్చేస్తుంది. ఆ రెండూ తలపడే డెర్బీ రోజున ఒక్క ఇంట్లో అన్నదమ్ములు మాట్లాడుకోరు. అలాంటి చోట హబీబ్‌ను పిలుచుకునే 'బడే మియా' పేరు వింటే రెండు వైపులవాళ్ళూ లేచి నిలబడతారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున ఒక గోల్ కొట్టింది హబీబే, మ్యాచ్ 2–2. అతని తమ్ముడు అక్బర్ 1976 డెర్బీలో మొదటి నిమిషం పూర్తవకముందే ఈస్ట్ బెంగాల్ మీద గోల్ కొట్టాడు. అన్నదమ్ములిద్దరూ మన హైదరాబాద్‌వాళ్ళే.

ఇన్నిసార్లు క్లబ్ మారినవాణ్ణి ఎందుకు తిట్టలేదు? ఒక కారణం ఆ రోజుల పద్ధతి. ప్రతి ఏడాదీ జట్టు మారే సీజన్ ఒకటి ఉండేది. ఆటగాళ్ళు ఐఎఫ్ఏ (బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం) ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టాలి. అవతలి క్లబ్‌వాళ్ళు ఎత్తుకుపోతారని క్లబ్ మనుషులు ఆటగాళ్ళను రహస్యంగా దాచిపెట్టేవాళ్ళు. మారడం అందరూ చేసేదే. మరో కారణం హబీబ్ ఆట. ఏ చొక్కా వేసుకుంటే దాని కోసం ప్రాణం పెట్టేవాడు. పాత క్లబ్ మీద ఆడేటప్పుడు కాలు వెనక్కి తీసేవాడు కాదు. మా నాన్న ఈస్ట్ బెంగాల్ మనిషి. 'హబీబ్ మా మీద ఆడినప్పుడు భయమేసేది, కోపం రాలేదు' అనేవాడు. 2023 ఆగస్టు 15న హబీబ్ పోయినప్పుడు మూడు క్లబ్‌ల అభిమానులూ కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఒక్క మాట మాత్రం చెబుతాను. ఇప్పుడు పాత క్లబ్ మీద గోల్ కొట్టి చేతులు జోడించి క్షమాపణ చెప్పడం ఫ్యాషన్ అయింది. హబీబ్ కాలంలో అలాంటిదేమీ లేదు. గౌరవం ఆటలోనే చూపించేవాళ్ళు.

పాతకాలం కాల్షియో

ఖరగ్‌పూర్ గారూ, ఈ థ్రెడ్‌లో చదివినవాటిలో ఇదే గొప్ప పోస్ట్. నయీముద్దీన్ గురించి కూడా రాయండి, ఆయనా రెండు వైపులా ఆడినవాడే.

గచ్చిబౌలి గ్యాలరీ

హైదరాబాద్ మాట వచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి.

మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టింది. అంతకుముందు ఏడాదే లిస్టన్ కొలాసో వెళ్ళిపోయాడు. కప్పు గెలిచాక ఆశిష్ రాయ్ వెళ్ళాడు. ఇద్దరూ కలకత్తాకే. అప్పుడు గ్యాలరీలో మేం తిట్టుకున్నాం. ఆకాశ్ మిశ్రా ముంబై వెళ్ళినప్పుడు కూడా బాధపడ్డాం. తర్వాత జీతాలు అందలేదన్న వార్తలు వచ్చాయి. కోచ్ మనోలో, విదేశీ ఆటగాళ్ళు, మనవాళ్ళు వరుసగా వెళ్ళిపోయారు. ఆ వెళ్ళినవాళ్ళ మీద మాకు ఏ కోపమూ లేదు. ఇంటి అద్దె కట్టుకోవాల్సిన మనిషిని ఏమంటాం?

ఇప్పుడు క్లబ్బే ఢిల్లీకి వెళ్ళిపోయింది. స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు కూడా మారింది. ట్రెంట్‌ను బూ చేయడానికి మీకు ఒక ఆన్‌ఫీల్డ్ ఉంది. మా బాలయోగి స్టేడియంలో మేం కూర్చుని ఎవరిని బూ చేయాలి? ఆటగాడు వెళ్తే క్లబ్ మిగులుతుందని మీరంతా అనుకుంటున్నారు. క్లబ్ వెళ్తే అభిమాని దగ్గర ఏం మిగులుతుందో మీలో ఎవరికీ అనుభవం లేదు. మీరు అదృష్టవంతులు.

కర్నూలు కాప్

అన్నా, నీ పోస్ట్ చదివాక ఏం రాయాలో తోచలేదు. ఆ 2022 ఫైనల్ నేనూ చూశాను. గోలీ కట్టిమణి వరుసగా పెనాల్టీలు ఆపుతుంటే మా ఇంట్లో అందరం గంతులేశాం. దీని మీద వేరే థ్రెడ్ తెరువు, అందరం వస్తాం.

గుంటూరు మాడ్రిడిస్టా

గచ్చిబౌలి భాయ్, మీ బాధ ముందు మా గొడవ చిన్నదే. కానీ ఈ థ్రెడ్ అసలు ప్రశ్నకు జవాబు తేలాలి. నేనొకటి అడుగుతాను. నిన్న మ్యాచ్‌కి ముందు రోజు ట్రెంట్, కారు ప్రమాదంలో పోయిన లివర్‌పూల్ ఆటగాడు డియోగో జోటా స్మారకం దగ్గరికి వెళ్ళి నివాళి అర్పించాడు. అంతా చూశారు. అలాంటివాణ్ణి ఆ మరుసటి రోజే అంత గోల చేయడం సరైనదేనా?

మెర్సీసైడ్ మాధవి

రెండూ ఒకదానికొకటి అడ్డు కాదండీ. నా వార్డులో ఒకామె జోటా దగ్గర పూలు పెట్టినందుకు ట్రెంట్‌ను మెచ్చుకుంది. ఆమే రాత్రి గొంతు పోయేలా బూ చేసింది. పొద్దున డ్యూటీకి వచ్చేసరికి మాట పెగలట్లేదు. ఆమె దృష్టిలో ఒకటి స్నేహితుడికి సంబంధించింది, రెండోది క్లబ్‌కి సంబంధించింది.

పసుపు గోడ

కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయి. టోరెస్‌ను చూడండి. 2011 జనవరి 31న లివర్‌పూల్ వదిలి చెల్సీకి వెళ్తే అభిమానులు అతని చొక్కాలు తగలబెట్టారు. 2015లో చారిటీ మ్యాచ్‌కి వస్తే ఆన్‌ఫీల్డ్ లేచి నిలబడి పాత పాట పాడింది. నాలుగేళ్ళే పట్టింది.

మెర్సీసైడ్ మాధవి

టోరెస్ మాడ్రిడ్ కుర్రాడు. అతని మీద మాకు ఉన్నది ప్రేమ, సొంతమన్న భావన కాదు. పైగా 5 కోట్ల పౌండ్లు ఇచ్చి వెళ్ళాడు. ఆ డబ్బుతోనే సువారెజ్, క్యారోల్ వచ్చారు. చెల్సీలో అతని ఆట పడిపోయింది కూడా, జాలి కలిగింది.

ట్రెంట్‌కి సరైన పోలిక మైకేల్ ఓవెన్. మన అకాడమీ, 158 గోల్స్, 2001లో బాలన్ డోర్. 2004లో కాంట్రాక్ట్ ఏడాదే మిగిలుండగా 80 లక్షల పౌండ్లకు మాడ్రిడ్ వెళ్ళాడు. ఆ సీజన్‌లోనే మనం ఇస్తాంబుల్‌లో కప్పు కొట్టాం. న్యూకాజిల్ చొక్కాతో ఆన్‌ఫీల్డ్‌కి తిరిగొస్తే అక్కడి కాప్ గ్యాలరీ "ఇస్తాంబుల్‌లో నువ్వెక్కడున్నావ్" అని పాడింది. అక్కడితో ఆగినా బాగుండేది. 2009లో మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్ళాడు. ఇరవై ఏళ్ళు దాటినా అతని పేరు చెబితే ఇక్కడ భుజాలు ఎగరేస్తారు. తిట్టరు. అది తిట్టుకన్నా ఘోరం.

కర్నూలు కాప్

అంటే ట్రెంట్ టోరెస్ అవుతాడా, ఓవెన్ అవుతాడా అన్నది ఇంకా తేలలేదంటారు.

మెర్సీసైడ్ మాధవి

తేలలేదు. మాడ్రిడ్‌లోనే ఉండిపోతే పదేళ్ళకి ఆ కార్నర్ కథే మిగులుతుంది, పిల్లలకు మనమే చెబుతాం. ఇంగ్లండ్‌కి తిరిగొచ్చి ఇంకో క్లబ్ చొక్కా వేసుకుంటే, ముఖ్యంగా మాంచెస్టర్ నుంచి వస్తే, నిన్నటి గోల దాని ముందు ఏమీ కాదు. అప్పుడు నేనే టికెట్ కొనుక్కుని వెళ్తాను.